కొన్నవాళ్ల నంబరు ఎవరి దగ్గరుంది?

మొన్న వేసవిలో చిన్న వర్తకులకు మొబైల్ వ్యాపారం మీద శిక్షణ ఇస్తున్నారంటే మా బాబాయితో పాటు నేనూ వెళ్లి కూర్చున్నాను. బాబాయిది చీరాలలో చీరల కొట్టు. హాలు నిండా ఆయన లాంటివాళ్లే. బట్టలు, పచారీ, మందులు, ఫ్యాన్సీ సామాను, హార్డ్‌వేర్ అమ్ముకునేవాళ్లు. రాగానే తలా ఒక కాగితం చేతికిచ్చారు. కొట్టు పేరు, యజమాని పేరు తర్వాత మూడో గడిలో "మీ యాప్ పేరు" అని ఉంది. నాలుగో గడిలో "డౌన్‌లోడ్లు ఎన్ని" అని ఉంది. సగానికి సగం మంది ఆ రెండు గడులూ ఖాళీగా వదిలేసి, హోంవర్కు చేయని పిల్లల్లా కాగితం మడిచి పట్టుకున్నారు.

ఆ తర్వాత మాట్లాడినాయన గంటన్నర సేపు చెప్పిందాని సారం ఇది. కొనేవాళ్లు ఫోన్లోకి వెళ్లిపోయారు కాబట్టి కొట్టు కూడా ఫోన్లోకి వెళ్లాలి. అందుకు సొంత యాప్ కట్టించుకోవాలి, లేదంటే పెద్ద ఆన్‌లైన్ అంగడిలో అమ్మకందారుగా చేరాలి. ఈ రెండూ చేయనివాడు ఐదేళ్లలో షట్టరు దించేసుకోవాల్సిందే.

ఆ మాట ఆయన ఒక్కడిదే అయితే నేను ఇంత రాయక్కర్లేదు. శిక్షణ తరగతుల్లో, వర్తక సంఘాల సభల్లో, వ్యాపార పేజీల్లో కొన్నేళ్లుగా ఇదే మాట వింటున్నాను, చదువుతున్నాను. అందులో మొదటి ముక్క నిజం. కొనేవాళ్ల చేతిలో ఫోన్ ఉంది, చీర నచ్చిందో లేదో చెప్పడం దగ్గర్నుంచి డబ్బు పంపడం దాకా అన్నీ అందులోనే జరుగుతున్నాయి. అక్కణ్నుంచి "కాబట్టి యాప్" అని దూకడం తప్పు. ఆ తప్పుకు డబ్బు కడుతున్నది చెప్పేవాళ్లు కాదు, పండగ సరుకుకు అప్పు తెచ్చుకునే వర్తకులు. ఈ ఖండన రాయడానికి కారణం అదే.

బాబాయి ఆ సలహాను మూడేళ్ల కిందటే పాటించాడు. ఒక సంస్థ కుర్రాళ్లు కొట్టుకొచ్చి, చీరలన్నీ ఫోన్లో కనబడేలా యాప్ చేసిపెడతామన్నారు. సంక్రాంతి సరుకు కోసం పక్కన పెట్టిన డబ్బులోంచి అడ్వాన్సు ఇచ్చాడు. యాప్ వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. తెరవగానే కొట్టు బోర్డు, లోపల కుప్పడం చీరలు, మంగళగిరి చీరలు, ఫ్యాన్సీ చీరలు వరస వరసగా కనబడేవి. దించుకున్నవాళ్లలో ఎక్కువమంది మా చుట్టాలే. వాడుకగా వచ్చేవాళ్లకు చెబితే, "నా ఫోన్లో చోటు లేదు బాబాయ్ గారూ, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టండి" అనేవాళ్లు. అసలు చిక్కు వేరే చోట వచ్చింది. నేత చీర ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు. పొద్దున కొట్లో అమ్ముడుపోయిన చీర రాత్రిదాకా యాప్‌లో కనబడుతూనే ఉండేది. ఎవరో హైదరాబాదు నుంచి డబ్బు కట్టేవాళ్లు. లేని చీరకు కట్టిన డబ్బు తిరిగి పంపి, క్షమాపణ చెప్పి, ఆ మనిషిని శాశ్వతంగా పోగొట్టుకునేవాళ్లం. ఏడాది తిరిగేసరికి నిర్వహణ ఖర్చులంటూ ఇంకో బిల్లు వచ్చింది. బాబాయి కట్టలేదు. ఆ పైన ఆ సంస్థవాళ్లు ఫోన్ ఎత్తలేదు. యాప్ ఏ రోజున కనబడకుండా పోయిందో మాకెవరికీ తెలియదు. దాన్ని వెతుక్కుంటూ ఒక్కరు కూడా కొట్టుకు ఫోన్ చేయలేదు.

ఈ ఖర్చు సంగతి శిక్షణలో ఎందుకు చెప్పరు? గూగుల్ ప్లే స్టోర్లో ఖాతా తెరవడానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, యాప్ చౌకే అని మాత్రం చెబుతారు. అది గుమ్మం దగ్గర టికెట్టు మాత్రమే. ఆపిల్ వాళ్ల దగ్గరైతే ఏటా 99 డాలర్లు. ప్లే స్టోర్లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు కనీసం 12 మంది చేత వరసగా 14 రోజులు యాప్‌ను పరీక్ష చేయిస్తేనే జనానికి విడుదల చేసుకోగలరు. ఆండ్రాయిడ్ కొత్త రూపం వచ్చినప్పుడల్లా దానికి తగినట్టు యాప్‌ను మార్చుకుంటూ ఉండాలి. లేకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకు అది స్టోర్లో కనబడదు. అంటే యాప్ కట్టించుకోవడం గోడకు సున్నం వేయించడం లాంటిది కాదు, గేదెను కొని తెచ్చుకోవడం లాంటిది. రోజూ మేత వేసే మనిషి ఉండాలి.

మేత వేసే మనుషులు వేలల్లో ఉన్నవాళ్లకే అప్పట్లో ఏమైందో చూడండి. 2015 మార్చిలో ఫ్లిప్‌కార్ట్ ఫోన్ బ్రౌజర్లో తెరుచుకునే తన సైటును మూసేసి, కొనాలంటే యాప్ దించుకోవాల్సిందేనంది. అదే ఏడాది మే 15న మింత్ర ఇంకో అడుగు ముందుకేసి, కంప్యూటర్‌లో తెరుచుకునే వెబ్‌సైటును కూడా ఎత్తేసి యాప్ తప్ప దారి లేకుండా చేసింది. దాన్ని మెచ్చుకుంటూ కూడా వ్యాసాలు వచ్చాయి. ఏడాది గడవకముందే ఫ్లిప్‌కార్ట్ ఫోన్ సైటును వేరే పేరుతో మళ్లీ తెరిచింది. మింత్ర 2016 జూన్ 1న కంప్యూటర్ సైటునూ తిరిగి తెచ్చుకుంది. పెట్టుబడి కొండలా ఉన్నవాళ్లకు కూడా యాప్ ఒక్కటే ద్వారం చేసుకోవడం కలిసిరాలేదు. వాళ్లు వెనక్కి వచ్చిన దారిని ఇప్పుడు చీరాల వర్తకుడికి ముందుకు పోయే దారిగా చూపిస్తున్నారు.

యాప్‌లన్నీ దండగని నేను అనడం లేదు. రోజూ అవసరమయ్యే వస్తువుకు, లేదా ఆ క్షణాన తెలియాల్సిన సమాచారానికి యాప్ తగినదే. రెడ్‌బస్ సంగతే తీసుకుందాం. దాన్ని 2006లో మొదలుపెట్టినవాళ్లలో ఒకరు ఫణీంద్ర సామ, తెలంగాణ మనిషి. దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదు రావడానికి బస్సు టికెట్టు దొరక్క, ఏజెంట్ల చుట్టూ తిరిగి తిరిగి, ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట తెలిసే దారి లేదని కనిపెట్టాడు. అక్కడ లేనిది సీట్ల లెక్క. దాన్ని యంత్రం తీర్చగలదు. చీరల కొట్టులో లేనిది ఏమిటి? ఒక ఇంట్లో ఏడాదికి నాలుగైదు సార్లు, పండగకో పెళ్లికో చీరలు కొంటారు. ఆ నాలుగు సార్ల కోసం ఏడాది పొడవునా ఫోన్లో ఒక కొట్టును మోసుకు తిరిగేవాళ్లు లేరు. కానీ ఆ నాలుగు సార్లూ మన కొట్టే గుర్తుకు రావాలి. గుర్తుకొచ్చిన మరుక్షణం మనిషి గొంతు అందాలి. ఇది యాప్ తీర్చే లోటు కాదు.

ఫోన్ వల్ల వ్యాపారానికి కలిగే మేలు ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే కేరళ సముద్రపు ఒడ్డుకు వెళ్లాలి. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఉత్తర కేరళ మత్స్యకారుల మీద చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. 1997 నుంచి 2001 మధ్య ఆ తీరంలోకి మొబైల్ సిగ్నల్ ఒక్కో ప్రాంతానికి వస్తూ పోయింది. అంతకుముందు పడవ ఏ రేవుకు చేరితే అక్కడి ధరకే చేపలు అమ్ముకోవాలి. కొనేవాళ్లు లేకపోతే పారబోయాలి. 1997 జనవరి 14 పొద్దున వడకర రేవులో పదకొండు మంది మత్స్యకారులు చేపలు పారబోసుకునే స్థితిలో ఉన్నారు. అక్కడికి 15 కిలోమీటర్ల లోపలే 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క ఒట్టి చేతులతో వెళ్లిపోయేలా ఉన్నారు. ఫోన్లు వచ్చాక సముద్రంలోంచే రెండు మూడు రేవులకు ఫోన్ చేసి, ధర కనుక్కుని, పడవను అటు తిప్పేవాళ్లు. పారబోత దాదాపు ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనుక్కు తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఇదంతా మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని ఫోన్లతోనే జరిగింది. ఆ రేవుల్లో అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు, యాప్ లేదు, ఆన్‌లైన్ అంగడి లేదు. సరుకున్న మనిషికి అవసరమున్న మనిషి నంబరు తెలిసింది, అంతే.

కెన్యాలో 2007 మార్చిలో మొదలైన, ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసా కూడా బటన్ ఫోన్ల మీదే నడిచి ఆ దేశపు లావాదేవీలను మార్చేసింది. మనదేశంలోనూ 2022 మార్చిలో బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చారు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు మొబైల్ వ్యాపారానికి పనికిరారని చెప్పేవాళ్లు ఈ రెండు సంగతులూ దాటేసి పోతారు.

ఇక మా పిన్ని పని చెబుతాను. యాప్ పోయాక ఆమె తన ఫోన్‌ను ఒక స్టాండుకు తగిలించి, కొట్టు మేడ మీద ట్యూబ్‌లైటు కింద చీరలు చూపించడం మొదలుపెట్టింది. తెలుగునాట ఇవాళ చీరల వ్యాపారంలో మొబైల్ అంటే నిజానికి ఇదే. యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో లైవ్ పెడతారు. బాడీ, బోర్డరు, పల్లూ, బ్లౌజు ఒక్కోటి విప్పి చూపిస్తారు. "నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి కింద నంబరుకు వాట్సాప్ చేయండి" అంటారు. ముందు పేమెంట్ చేసినవాళ్లకే చీర. సాయంత్రానికి ప్యాకెట్లు కొరియర్‌కో, పోస్టాఫీసుకో, ఆర్టీసీ కార్గోకో వెళతాయి. ఏ శిక్షకుడూ నేర్పలేదు, ఏ కన్సల్టెంటూ గీసివ్వలేదు. గుంటూరులో, ధర్మవరంలో, కొత్తపేటలో ఇళ్లల్లో కూర్చున్న ఆడవాళ్లు తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతి ఇది. హాల్లో మాట్లాడినాయన దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన కాగితంలో దీనికి గడే లేదు.

పిన్ని ఈ పనిలో రెండు మూడు మెళకువలు పట్టుకుంది. లైటు కింద రంగు మారిపోతోందని, డబ్బు కట్టేముందు ఆ చీరను గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండ వెలుగులో ఇంకో ఫొటో తీసి పంపుతుంది. నేత చీరైతే తిప్పి వెనక వైపు చూపిస్తుంది, మగ్గం మీద బట్టను వెడల్పున బిగించి పట్టినప్పుడు అంచుల వెంబడి పడే సూది గుర్తులు కెమెరాకు దగ్గరగా పెడుతుంది. మరమగ్గం బట్ట మీద అచ్చు వేసిన పోచంపల్లి చీరకూ, ఇక్కత్ నేసిన చీరకూ ఆన్‌లైన్ అంగడి ఫొటోలో తేడా కనబడదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ధర మాత్రం ఒకటి పావలా, ఒకటి రూపాయి. చూసేవాళ్లు పావలాది తీసుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, తేడా చెప్పే మనిషి అక్కడ లేడు. పిన్ని వీడియోలో ఆ మనిషి ఉంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. నేతగాడి కష్టానికి తగిన ధర రావడానికి మొబైల్‌లో నాకు తెలిసి ఇంతకన్నా నమ్మదగిన దారి లేదు.

అయితే ఈ రంగంలో పాతుకుపోయిన ఒక చెడ్డ అలవాటును కూడా ఖండించకపోతే నా మాట ఒకవైపే అవుతుంది. "ఓపెనింగ్ వీడియో తప్పనిసరి, నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని ప్రతి లైవ్ కిందా రాసిపెడుతున్నారు. కొన్నావిడ పార్సిల్ విప్పేటప్పుడు ముందునుంచి వెనకదాకా వీడియో తీయకపోతే, చిరిగిన చీర వచ్చినా ఒప్పుకోరట. మోసం చేసేవాళ్లు ఉన్నారు, వీడియో అడగడంలో అర్థం ఉంది. కానీ వీడియో లేదనే ఒక్క సాకుతో పాడైన సరుకును తీసుకోననడం చట్టం దగ్గర నిలబడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అలా రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. చీరాల కొట్టుకూ అదే చట్టం, ఫోన్‌లో కొట్టుకూ అదే చట్టం. మా పిన్నీ మొదట్లో ఆ వాక్యమే పెట్టింది. ఒంగోలు నుంచి ఒకావిడ, "మీ కొట్టుకొచ్చి కొంటే తీసుకునేదానివి కదమ్మా, ఫోన్లో కొన్నందుకు నేను పరాయిదాన్నయ్యానా" అని అడిగిన రోజున తీసేసింది.

ఇప్పుడు రెండో సలహా, ఆన్‌లైన్ అంగడిలో చేరమనడం. ఛార్జరు, పైపు బిగింపులు, ఫలానా కంపెనీ మిక్సీ జారు లాంటివి, ఎక్కడ కొన్నా ఒకేలా ఉండే సరుకు అమ్మేవాళ్లు అక్కడ చేరితే బాగుపడొచ్చు. వాళ్లను ఆపను. కానీ చేరే ముందు ప్రతి వర్తకుడూ ఒక్క సంగతి గట్టిగా అడిగి తెలుసుకోవాలి. కొన్నవాళ్ల ఫోన్ నంబరు నాకు ఇస్తారా? ఇవ్వరు. డెలివరీ కోసం కలిపే నంబరు కూడా చాలాసార్లు అసలుది దాచిన ముసుగు నంబరే. వెయ్యి చీరలు అమ్మినా, ఆ వెయ్యి మందిలో ఒక్కరికి కూడా కొత్త సరుకు వచ్చిందని చెప్పే వీలు మనకుండదు. వాళ్లు ఆ అంగడి మనుషులు. మళ్లీ వాళ్ల కంట్లో పడాలంటే అక్కడ ప్రకటనకు డబ్బు కట్టాలి. కమిషను, రవాణా, వెనక్కి వచ్చిన పార్సిళ్ల ఖర్చు వీటన్నిటి గురించీ వర్తకులు మాట్లాడుకుంటున్నారు. ఇవి కంటికి కనబడే కోతలు. నంబరు పోవడం కంటికి కనబడదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

మా తాతయ్య కాలంలో కొట్టు అమ్మితే, గోడలకూ బీరువాలకూ ఒక ధర, వాడుక ఖాతాలున్న పుస్తకానికి వేరే ధర కట్టేవాళ్లు. ఎవరు ఏ ఊరివాళ్లు, ఎవరింట్లో ఎప్పుడు పెళ్లి, ఎవరికి అరువు ఇవ్వొచ్చు అన్నది ఆ పుస్తకంలో ఉండేది. దాన్ని కొట్టు యజమాని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు అదే పుస్తకాన్ని మనంతట మనమే ఇంకొకళ్ల చేతిలో పెట్టి, పైగా నెలనెలా కమిషను కడుతున్నాం. మొబైల్ వ్యాపారంలో ఆస్తి అని దేన్నైనా అనవలసి వస్తే అది ఆ పుస్తకమే. ఇవాళ దాని రూపం పది అంకెల నంబరు.

ఇక్కడ నాకు ఎదురుప్రశ్న వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్ కూడా ఒక కంపెనీదే కదా? యూట్యూబ్ మాత్రం ఎవరిది? రేపు వాళ్లు ఖాతా మూసేస్తే? మూసేయగలరు, కొందరికి మూసేశారు కూడా. అందుకే నంబరు మన దగ్గర ఉండాలంటున్నాను. 2011 జనవరి 20న మొబైల్ నంబర్ పోర్టబిలిటీ దేశమంతా వచ్చింది. 2015 జూలై 3 నుంచి రాష్ట్రం మారినా నంబరు మారకుండా కంపెనీ మార్చుకోవచ్చు. అంటే ఫోన్ కంపెనీ మారినా, వాట్సాప్ పోయి ఇంకోటి వచ్చినా, మన నంబరూ కొన్నవాళ్ల నంబరూ అలాగే ఉంటాయి. యాప్‌లో పేరుకున్న డౌన్‌లోడ్లను ఇంకో చోటికి మోసుకుపోలేం. ఆన్‌లైన్ అంగడిలో వచ్చిన నక్షత్రాలనూ మోసుకుపోలేం. నోటు పుస్తకంలో రాసుకున్న నంబర్లను మాత్రం ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. క్యూఆర్ సంగతీ అంతే. ఒక యాప్ వాళ్ల క్యూఆర్‌ను ఏ యాప్‌తోనైనా స్కాన్ చేయగలిగేలా రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది కాబట్టే అది వర్తకుడికి ఇంతగా అక్కరకొచ్చింది.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది, చిన్న వర్తకులకు ఉచితం. అందులో సరుకు పట్టిక పెట్టుకోవచ్చు, కొట్టు వేళలు రాసుకోవచ్చు. అందరికీ ఒకేసారి సందేశం పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా ఉంది. జాబితాకు 256 మంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. సేవ్ చేసుకోనివాళ్లకు చేరదు. మనం వాళ్ల నంబరు దాచుకుంటే సరిపోదు, వాళ్లు మన నంబరు దాచుకోవాలి. వాళ్లు అలా దాచుకోవడాన్ని డబ్బు కట్టి కొనలేం. చీర నచ్చాలి, మాట నచ్చాలి, తేడా వస్తే మార్చి ఇవ్వాలి. అప్పుడు "చీరాల బాబాయ్" అనో "కుప్పడం పిన్ని" అనో ఫోన్లో రాసుకుంటారు. బాబాయికి యాప్ మీద పోసిన డబ్బు ఏ రోజూ ఈ పని చేసిపెట్టలేదు.

నంబరు ఆస్తి అన్నానని దాన్ని లాక్కోమని కాదు. బిల్లు కొట్టాలంటే నంబరు చెప్పాల్సిందేనని పట్టుబట్టే కౌంటర్లు మన ఊళ్లల్లోనూ ఉన్నాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామనడం తగదని వర్తకులకు స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. మూకుమ్మడిగా ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల ప్రకారం పంపేవాళ్ల పేరూ, సందేశపు నమూనా ముందుగా నమోదై ఉండాలి. ఎక్కడో కొనుక్కొచ్చిన పదివేల నంబర్లకు సందేశాలు కొట్టే పద్ధతి చట్టానికీ విరుద్ధం, వ్యాపారానికీ చేటు. అడిగి తీసుకున్న మూడు వందల నంబర్ల ముందు ఆ పదివేలు దేనికీ కొరగావు. పిన్ని బిల్లు ఇస్తూ, "కొత్త కుప్పడాలు వస్తే ఫొటో పెట్టమంటావా అమ్మా?" అని అడుగుతుంది. వద్దన్నవాళ్ల పేరు పుస్తకంలోకి ఎక్కదు.

డబ్బు దగ్గరికి వస్తే, శిక్షణలో క్యూఆర్ అతికిస్తే పని అయిపోయినట్టు చెప్పారు. యూపీఐ గొప్ప సాధనం, అందులో నాకు అనుమానం లేదు. 2016 ఏప్రిల్‌లో మొదలై 2025 ఆగస్టుకల్లా ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. 2020 జనవరి నుంచి వర్తకుడి దగ్గర మామూలు యూపీఐ చెల్లింపుకు కోత లేదు, వంద వస్తే వంద ఖాతాలో పడుతుంది. "డబ్బు అందింది" అని తెలుగులో అరిచే డబ్బా వచ్చాక దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్ల బెడదా తగ్గింది. కానీ క్యూఆర్ మీద డబ్బు వేసినవాళ్ల నంబరు మామూలుగా మనకు రాదు. వచ్చింది డబ్బు మాత్రమే, మనిషి కాదు. క్యూఆర్‌ను వ్యాపారానికి మొదటి మెట్టు అనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు.

అంతకన్నా పెద్ద లోపం, లెక్కల సంగతి చెప్పకపోవడం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి వేలమంది చిన్న వర్తకులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బెంగళూరులో చాలా కొట్ల ముందు క్యూఆర్ కాగితాలు పీకేసి "నగదు మాత్రమే" అని రాసిపెట్టారు. కూరగాయలు, పాలు అమ్మేవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్ల సరుకు మీద పన్నే లేదు, ఆ సంగతి కాగితం మీద చూపించుకోవడం మాత్రం వాళ్లకు తెలియదు. భయపడి క్యూఆర్ పీకేయడం మందు కాదు. ఏది అమ్మకం, ఏది ఇంటివాళ్లు పంపిన డబ్బు, ఏది చేబదులు అన్నది విడివిడిగా రాసుకోవడం, కొట్టుకూ ఇంటికీ వేరు ఖాతాలు పెట్టుకోవడం మందు. సరుకు అమ్మేవాళ్లకు నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రానికి పన్నున్న సరుకు పంపితే, చేతివృత్తుల సరుకుకున్న కొన్ని మినహాయింపులు పోను, అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు కావాలి. ఇంట్లో కూర్చుని బెంగళూరుకూ చెన్నైకీ చీరలు పంపే ఎంతమంది ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు? గంటన్నర మాటల్లో దీనికి ఐదు నిమిషాలు దొరకలేదు. ఫోన్‌లో డబ్బు తీసుకోవడంలో మేలూ ఉంది. 2020లో మొదలైన పీఎం స్వనిధిలో తోపుడుబండి వాళ్లకు 10,000 రూపాయలతో మొదలై, తీర్చినకొద్దీ పెరిగే అప్పు దొరికింది, ఫోన్‌లో డబ్బు తీసుకున్నందుకు క్యాష్‌బ్యాకూ వచ్చింది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివాళ్లకు, సరిగ్గా తీర్చిన పాత అప్పే తర్వాతి అప్పుకు దారి అయింది.

మా బజారులో పాతకాలపు పెద్దలు కొందరు ఈ ఫోన్ వ్యాపారానికే పూర్తిగా ఎదురుమాట చెబుతారు. "ముట్టుకుని చూడకుండా చీర ఎవరు కొంటారు, ఇదంతా నాలుగు రోజుల ముచ్చట" అంటారు. వాళ్ల మీద గౌరవం ఉంది గానీ ఆ మాట కూడా నిలబడదు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లు పెళ్లిచీరలు వీడియో కాల్లోనే ఎంచుకుంటున్నారు. వాళ్లకు రాత్రయినప్పుడు మనకు పొద్దున. పిన్ని ఆరింటికే కొట్టు తీసేది అందుకే. వాళ్లు ముట్టుకుని చూడలేరు, నిజమే. వాళ్ల తరఫున ముట్టుకుని, "ఇది కాస్త గరుకమ్మా, మీ అత్తగారికి బాగోదు, ఇంకోటి చూపిస్తా" అని చెప్పే మనిషిని నమ్ముతున్నారు.

వచ్చే ఏడాది మళ్లీ శిక్షణ పెడతారట. ఆ కాగితంలో మూడో గడీ నాలుగో గడీ కొట్టేసి వేరే ప్రశ్నలు వేయమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. పోయిన ఏడాది మీ దగ్గర రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమంది నంబర్లు వాళ్ల ఒప్పుదలతో మీ పుస్తకంలో ఉన్నాయి? పాడైన సరుకు ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నారు? ఫోన్‌లో వచ్చిన డబ్బులో అమ్మకం ఎంతో, ఇంటి డబ్బు ఎంతో విడదీసి చెప్పగలరా? ఉత్తరం పంపే ముందు బాబాయికి చదివి వినిపించాను. మొదటి రెండింటికీ గల్లాపెట్టె కింద నుంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టి చెప్పాడు. మూడోదానికి మేడ మీదికి కేకేసి పిన్నిని అడిగాడు. నాలుగోదానికి కాసేపు ఆగి, "రేపటి నుంచి వేరే ఖాతా తెరుద్దాం, ఆడిటరు గారికి ఫోన్ చెయ్యి" అన్నాడు.